పై మెట్టుకు సొమ్ము, కింది మెట్టుకు అప్పు
గొలుసు స్కీముల్లో కూలి డబ్బే ఎక్కువగా ఎందుకు మునుగుతోంది?

రోజుకు 307 రూపాయలు. 2025–26 సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఉపాధి హామీ పనికి కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన కూలి ఇది. హర్యానాకు చెందిన ఫ్యూచర్ మేకర్ అనే కంపెనీ గుట్టును 2018 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు రట్టు చేశారు. అందులో చేరడానికి కట్టవలసిన సొమ్ము 7,500 రూపాయలు. పైన చెప్పిన కూలి లెక్కన అది ఇరవై నాలుగు రోజులు మట్టి తవ్వితే వచ్చే డబ్బు. మరుసటి సంవత్సరం అదే పోలీసుల కేసులో చిక్కుకున్న ఈబిజ్ కంపెనీలో ప్రవేశానికి 16,821 రూపాయలు. ఇది యాభై అయిదు రోజుల కష్టం.

నెల జీతం వచ్చేవారికి ఈ డబ్బు పోతే ఒక నెల ఇబ్బంది. కూలి చేసుకునే ఇంట్లో ఇది రెండు మాసాల తిండి. పైగా కూలీల దగ్గర ఇంత డబ్బు ఒక్కసారిగా ఉండదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాలి, లేదా చెవిదిద్దులు తాకట్టు పెట్టాలి. 7,500కు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 225 రూపాయలు. స్కీము నిలిచిపోయినా ఈ వడ్డీ ఆగదు. కనుక ఒకే స్కీములో ఒకే సొమ్ము పోగొట్టుకున్న ఇద్దరిలో పేదవాడి నష్టమే పెద్దది. ఆర్థిక శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని పట్టికలు వేసి చెబుతారు. పల్లెల్లో దీనికి పట్టికలు అవసరం లేదు.

అయినా ఇన్ని కంపెనీలు బోర్డు తిప్పేసిన తరవాత కూడా కొత్త పేరుతో మరొకటి రాగానే మళ్ళీ మన పల్లెల్లోనే మనుషులు దొరుకుతున్నారు. "ఆశపోతుతనం" అని పట్నం వారు తేలికగా తీసిపారేస్తారు. విషయం అంత తేలిక కాదు.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

గొలుసు స్కీము అంటే ఏమిటో ముందు చూడాలి. సరుకు అమ్మితే వచ్చే లాభం కాక, కొత్త మనిషిని చేర్చినందుకు డబ్బు వచ్చే ఏర్పాటునే గొలుసు అంటారు. సరుకు ఉండవచ్చు. సబ్బులో, బట్టల మూటో, కంప్యూటరు పాఠాలో చేతిలో పెడతారు. అయితే ఆ సరుకు కోసం ఎవరూ చేరరు. తన కింద మనుషులను చేర్చుకుంటే డబ్బు వస్తుందని చేరతారు.

ఉదాహరణకు చేరడానికి 7,500 కట్టాలి, తన కింద చేరిన ప్రతి మనిషికి 500 వస్తుంది, ఒక్కొక్కరు ఇద్దరిని చేర్చాలి అనుకుందాం. మొదటి వరుసలో ఒక్కడు. రెండో వరుసలో ఇద్దరు, మూడో వరుసలో నలుగురు, తరవాత ఎనిమిది, పదహారు. ఇలా పది వరుసలు నిండితే మొత్తం 1,023 మంది. ఇది ఒక మోస్తరు ఊరిలో పనిచేసే వయసున్న జనం.

ఇప్పుడు ఎవరికి ఎంత ముట్టింది? పదో వరుసలో ఉన్న 512 మంది కింద ఎవరూ లేరు. వారి 7,500 పూర్తిగా పోయింది. తొమ్మిదో వరుసలోని 256 మందికి చెరి ఇద్దరు, అంటే వెయ్యి రూపాయలు వచ్చాయి, 6,500 పోయింది. ఎనిమిదో వరుసలోని 128 మందికి మూడేసి వేలు వచ్చాయి. ఏడో వరుసలోని 64 మందికి కింద పద్నాలుగేసి మంది ఉన్నా వచ్చింది 7,000. వారికీ 500 నష్టమే. వెరసి 1,023 మందిలో 960 మంది నష్టపోయారు. లాభపడింది 63 మంది.

అన్నిటికన్నా పైనున్న మనిషికి మాత్రం 5 లక్షల 11 వేలు ముట్టాయి. సభలో వేదిక ఎక్కించి, కోటు తొడిగి చూపించేది ఇతనినే. "చూడండి, ఇతను కూడా మీలాంటివాడే" అంటారు. అతనికి వచ్చిన డబ్బు అబద్ధం కాదు. అది ఎవరి జేబులోంచి వచ్చిందో మాత్రం చెప్పరు. ఇందరికీ పంచిన తరవాత కూడా కంపెనీ పెట్టెలో 35 లక్షల 75 వేల పైచిలుకు మిగిలింది.

అడుగు వరుసలోని 512 మంది "మనం కూడా కిందివారిని చేర్చితే సరి" అనుకుంటారు. చేర్చితే వారు పైకి జరుగుతారు, వారి స్థానంలో 1,024 మంది కొత్తవారు అడుగున పడతారు. వారిని గట్టెక్కించడానికి మరి 2,048 మంది కావాలి. గొలుసు ఎప్పుడు తెగినా సగానికి పైగా జనం ఎప్పుడూ ఆఖరి వరుసలోనే ఉంటారు. ఇది ఎవరి చెడ్డతనం వల్లా కాదు, ఆ కూడికలోనే ఉంది.

ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చాలి అనే స్కీములైతే ఇంకా త్వరగా తెగుతాయి. ఆరు, ముప్ఫై ఆరు, రెండువందల పదహారు అని పోతే ఆరో వరుసకు 46,656. ఇది ఒక మండలం జనాభా. పదో వరుసకు ఆరు కోట్ల నాలుగు లక్షల పైచిలుకు. పదకొండో వరుసకు 36 కోట్లు కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం జనాభా పసిపిల్లలతో సహా 8 కోట్ల 46 లక్షలే.

అమెరికాలో కంపెనీలు తమంత తాముగా ప్రకటించిన లెక్కలే ఈ మాట చెబుతున్నాయి. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 2024లో 70 అంచెల వ్యాపార కంపెనీల ఆదాయ ప్రకటనలను పరిశీలించారు. ఇవి గొలుసు స్కీములుగా నిషేధించినవి కావు, బాహాటంగా వ్యాపారం చేస్తున్నవి. వీటిలో చేరినవారిలో అత్యధికులకు సంవత్సరమంతటికీ వచ్చింది వెయ్యి డాలర్లు, లేదా అంతకన్నా తక్కువ. అమెరికా లెక్కలో అది ఏ మూలకూ చాలదు. తిరుగుళ్ళకు, సరుకుకు పెట్టిన ఖర్చులు తీసివేయకుండా చెప్పిన ఆదాయం అది. కొన్ని కంపెనీల్లో ఎక్కువమందికి దమ్మిడీ కూడా రాలేదు.

దాచుకోవడానికి ఎదురు వడ్డీ

ఇక పేదలే ఎందుకు పడుతున్నారన్న ప్రశ్నకు జవాబు వెతకాలంటే మన బెజవాడకే వెళ్ళాలి.

స్టువర్ట్ రూథర్‌ఫర్డ్ అనే ఆయన పేదల పొదుపు అలవాట్లను దేశదేశాలు తిరిగి పరిశీలించారు. 2000లో వెలువడిన ఆయన పుస్తకం 'ద పూర్ అండ్ దెయిర్ మనీ'లో విజయవాడ మురికివాడల్లో డబ్బు వసూలు చేసే ఒక స్త్రీ గురించి రాశారు. ఆమె ప్రతి ఇంటికీ 220 గళ్ళున్న ఒక కార్డు ఇచ్చేది. రోజూ వచ్చి గడికి అయిదు రూపాయల వంతున వసూలు చేసి గడి కొట్టేసేది. 220 గళ్ళూ నిండితే 1,100 రూపాయలు అవుతుంది. ఆమె తిరిగి ఇచ్చేది 1,000. వంద రూపాయలు ఆమె కష్టానికి.

అంటే దాచుకున్నవారికి వడ్డీ రాకపోగా ఎదురు చెల్లించారు. ఏడాది లెక్కకు తిప్పితే ఇది నూటికి ముప్ఫై దాకా పడుతుందని ఆయన లెక్క కట్టారు. చదువుకున్నవారు చూస్తే ఇది మతిలేని పని. కాని ఆ ఇళ్ళలోని ఆడవారికి మతి ఉంది. అయిదు రూపాయలు పట్టుకుని బ్యాంకుకు పోతే ఎవరూ పలకరించరు. రోజు కూలి పోతుంది. ఇంట్లో ఉంచితే సాయంత్రానికి మగవాడు తాగుడుకు అడుగుతాడు, లేదా చుట్టం చేబదులు అడుగుతాడు. గడప దగ్గరకు రోజూ వచ్చి నెమ్మదిగా తీసుకుపోయి, పిల్లల పుస్తకాల వేళకు వెయ్యి రూపాయలు కట్టగా తెచ్చి ఇచ్చే మనిషి దొరికితే వంద రూపాయలు పోతే పోయిందనుకున్నారు.

పేదలకు దాచుకునే అలవాటు లేదని చెప్పేవారికి ఇది మంచి సమాధానం. అలవాటు ఉంది, చోటు లేదు. ఆ చోటు కోసం డబ్బు ఎదురిచ్చేవారికి, గడప దగ్గరకు వచ్చి తీసుకుపోవడమే కాక "రెట్టింపు ఇస్తాం" అని కూడా ఎవరైనా అంటే ఇంకేం కావాలి?

అగ్రిగోల్డు చెప్పిన నిజం

సరిగ్గా ఈ దారిలోనే వచ్చింది అగ్రిగోల్డు. విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన ఈ సంస్థ రోజువారీగా, నెలవారీగా, ఏడాదికొకసారిగా కంతులు వసూలు చేసింది. గడువు తీరాక భూమి గాని, పెరిగిన సొమ్ము గాని ఇస్తామన్నది. వసూలు చేసింది పరాయివారు కాదు. ఊళ్ళో కిరాణా కొట్టు నడిపేవారు, చదువుకున్న నిరుద్యోగులు, డ్వాక్రా సంఘాల్లో పలుకుబడి గల మహిళలు ఏజెంట్లయ్యారు. ఏజెంటు కింద ఏజెంటు, వసూలు మీద కమీషను. 2014 నాటికి చెల్లింపులు ఆగిపోయాయి. 2015లో కేసులు, సి.ఐ.డి. దర్యాప్తు, హైకోర్టులో వ్యాజ్యాలు. మన రాష్ట్రంతోపాటు తెలంగాణ, కర్ణాటక, ఒడిశా వంటి చోట్ల కలిపి దాదాపు 32 లక్షల మంది, సుమారు 6,380 కోట్ల రూపాయలు ఇరుక్కుపోయాయి.

చట్టం లెక్కలో ఇది గొలుసు స్కీము కన్నా అనుమతి లేని డిపాజిట్ల వసూలు కిందికి వస్తుంది. అయితే కమీషన్ల నిచ్చెన, కొత్తవారి డబ్బుతో పాతవారికి చెల్లించే పద్ధతి ఈ జాతి స్కీములన్నిటికీ ఉమ్మడి లక్షణం.

ఇందులో ఎవరు మునిగారన్నది తెలుసుకోవడానికి ప్రభుత్వం పంచిన డబ్బే ఆధారం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఒకసారి, 2021 ఆగస్టులో మరొకసారి 20,000 రూపాయల లోపు కట్టినవారికి ఖజానా నుంచి సొమ్ము చెల్లించింది. రెండు విడతలూ కలిపి సుమారు 10 లక్షల 40 వేల మందికి 905 కోట్ల రూపాయలు. భాగహారం చేస్తే సగటున ఒక్కొక్కరికి 8,700 రూపాయలు. పది లక్షల మందికి పైగా డిపాజిటుదారుల సగటు సొమ్ము ఒక ఆవుదూడ ధర కూడా కాదు. కోట్ల కుంభకోణం అని పత్రికలు రాస్తే ఎవరో శ్రీమంతుల వ్యవహారంలా వినబడుతుంది. ఆ కోట్లు వందలు వందలుగా పోగయినవి.

ఏజెంట్ల పరిస్థితి కూడా చెప్పుకోవాలి. కంపెనీ ఎక్కడో ఉంటుంది, ఏజెంటు పక్క వీధిలో ఉంటాడు. జనం వచ్చి గడప ముందు కూర్చుంటే సమాధానం చెప్పవలసింది అతనే. ఊరు వదిలిపోయినవారు, పొలం అమ్మి కట్టినవారు, ప్రాణం తీసుకున్నవారు కూడా ఉన్నారు. గొలుసులో ప్రతి కడియం ఒక చేత్తో మోసపోతుంది, మరో చేత్తో మోసం చేస్తుంది. కమీషను తిన్నాడు కాబట్టి తగిన శాస్తి అని తేల్చెయ్యడం న్యాయం అనిపించదు.

పని ఎర

వడ్డీ ఎర పాతబడేసరికి పని ఎర వచ్చింది. తక్కువ కూలి వచ్చేవారికి ఇది మరీ ప్రమాదం. ఎందుకంటే వారు అడుగుతున్నది రెట్టింపు సొమ్ము కాదు, పని.

2018లో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కరక్కాయల స్కీము నడిచింది. కిలో కరక్కాయలకు వెయ్యి రూపాయలు కట్టి ఇంటికి తీసుకుపోవాలి. దంచి పొడి చేసి తెచ్చిస్తే 1,300 ఇస్తారు. అంటే కిలోకు 300 కూలి. ఇంటి దగ్గరే పని, పిల్లలను చూసుకోవచ్చు. మొదట్లో మాట ప్రకారం ఇచ్చారు. దాంతో జనం పదులు, వందల కిలోల లెక్కన కట్టారు. జూలైలో తలుపులకు తాళాలు పడ్డాయి. కరక్కాయ బజారులో వెయ్యి రూపాయలు పలికే సరుకు కాదు. పొడి చేసినంత మాత్రాన 1,300 పలకదు. మన అవ్వలందరికీ కరక్కాయ ధర తెలుసు. కానీ ముందు దంచినవారికి డబ్బు ముట్టడం కళ్ళారా చూశాక ధర గురించి ఎవరు అడుగుతారు?

2011లో స్పీక్ ఏషియా అనే సంస్థ ఇదే పని వేరే రూపంలో చేసింది. 11,000 రూపాయలు కడితే వారానికి రెండు ప్రశ్నపత్రాలు వస్తాయి. ఒక్కొక్కటి నింపితే 500. నెలకు నాలుగు వేలు. మూడు నెలల్లో పెట్టుబడి రావాలి. ఆ జవాబులు కొనుక్కునేది ఎవరు, వారికి వాటితో ఏం పని అనేది చేరినవారికి తెలియదు. కొత్తవారిని చేర్చితే అదనంగా సొమ్ము. ముంబయి పోలీసులు కేసు పెట్టేనాటికి దేశమంతటా లక్షల మంది చేరి ఉన్నారు.

పనికి కూలి ఇచ్చేవాడు కూలీని ముందు డబ్బు కట్టమని అడగడు. వరినాట్లకు పిలిచే రైతు, ఇల్లు కట్టే మేస్త్రి ఎవరూ అడగరు. ఈ ఒక్క సంగతి ఏ చదువూ లేని కూలీకి కూడా తెలుసు. అయితే కంప్యూటరు, కోటు, కంపెనీ పేరు ఎదురైనప్పుడు తనకు తెలిసినదాన్ని తానే నమ్మడం మానేస్తాడు.

పిలిచేది ఎవరు?

ఫిన్లండ్ దేశంలో విన్‌కాపిటా అనే స్కీము 2008లో కూలిపోయింది. సభ్యుడు పిలిస్తేనే చేరనిచ్చేవారు. చేరినవారు పదివేలకు పైన. ఎవరిని ఎవరు పిలిచారో పోలీసుల దర్యాప్తులో తేలడంతో, ఆ లెక్కలు పట్టుకుని విల్లె రాంతల అనే పరిశోధకుడు 2019లో ఒక అధ్యయనం ప్రకటించారు. పిలిచినవారు వయసులో, చదువులో, ఆదాయంలో తమకన్నా పైన ఉన్నప్పుడు చేరినవారు ఎక్కువ డబ్బు పెట్టారని అందులో తేలింది.

మన ఊళ్ళకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. తోటి కూలీ చెబితే "నీకేం తెలుసురా" అంటారు. బడిపంతులో, పెద్ద రైతో, పట్నంలో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడో చెబితే నమ్ముతారు. "మాస్టారు గారే కట్టారట" అన్న ఒక్క మాట పది వాల్‌పోస్టర్లతో సమానం. మాస్టారికి నెలాఖరుకు జీతం ఉంది. ఆయన నష్టాన్ని తట్టుకోగలడు. ఆయనను చూసి కట్టిన పాలేరుకు ఆ దారి లేదు. ఆయన మోసగాడని కాదు. ఆయన కూడా తన పైవారి మాట నమ్మినవాడే. అయినా పరువు గలవారి మాట ఊళ్ళో డబ్బులాగే చెలామణి అవుతుందని వారు గమనించడం మంచిది.

ఈ స్కీములకు కరపత్రాల కన్నా బంధుత్వాలే ఎక్కువ ఉపయోగం. బావమరిది అడిగితే కాదనలేరు. కాదంటే చెల్లెలి కాపురం. వియ్యంకుడు కింది వరుస ఖాళీగా ఉందంటే మొహమాటానికి చేరతారు. డబ్బు పోయిన తరవాత పెళ్ళిళ్ళలో పలకరింపులు కూడా పోతాయి. ఈ నష్టం ఏ అధ్యయనంలోనూ రూపాయల్లో చూపలేదు.

ఒక దేశమే మునిగింది

ఒక ఊరు, ఒక జిల్లా కాదు, ఏకంగా ఒక దేశం మునిగిన ఉదాహరణ కూడా ఉంది. ఐరోపాలో ఆల్బేనియా చిన్న దేశం. జనాభా ముప్ఫై అయిదు లక్షలకు మించదు. 1990ల మొదట్లో కమ్యూనిస్టు ప్రభుత్వం పోయింది. బ్యాంకులు సరిగా లేవు. కుర్రవాళ్ళు గ్రీసు, ఇటలీ దేశాలకు కూలికి పోయి ఇంటికి డబ్బు పంపేవారు. ఆ డబ్బు మీద కంపెనీలు వాలాయి.

1996లో ఒక కంపెనీ నెలకు నూటికి పది వడ్డీ అంటే మరొకటి ముప్ఫై అన్నది. నవంబరు నాటికి జాఫేరి అనే కంపెనీ మూడు నెలల్లో మూడింతలు, సూదె అనే కంపెనీ రెండు నెలల్లో రెట్టింపు ఇస్తామన్నాయి. జనం ఇళ్ళు అమ్మారు. రైతులు పశువులను రాజధాని టిరానాకు తోలుకువచ్చి కోతకు అమ్మారు. ఆ శరత్కాలంలో నగరమంతా కబేళా వాసన కొట్టిందని అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆర్థికవేత్త క్రిస్టఫర్ జార్విస్ 2000లో రాశారు. మూడొంతుల్లో రెండొంతుల జనం డబ్బు పెట్టారు. కంపెనీలు బాకీపడిన మొత్తం 120 కోట్ల డాలర్లు. అది ఆ దేశపు ఏడాది ఉత్పత్తిలో దాదాపు సగం.

1997 జనవరిలో సూదె చేతులెత్తేసింది. మిగతావి వరుసగా పడిపోయాయి. జనం రోడ్ల మీదికి వచ్చారు. సైనిక ఆయుధాగారాలను దోచుకున్నారు. ప్రభుత్వం కూలింది. బయటి దేశాల సైన్యం వచ్చి శాంతి నెలకొల్పవలసి వచ్చింది. దాదాపు రెండువేల మంది చనిపోయారు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. ప్రభుత్వ పెద్దలు ఆ కంపెనీల సభల్లో కనిపిస్తూ వచ్చారు. ప్రపంచ బ్యాంకు, ద్రవ్యనిధి హెచ్చరిస్తే ఆలస్యంగా కదిలారు. మంత్రులే పక్కన నిలబడి ఉండగా పశువులు అమ్ముకున్న రైతును అమాయకుడని ఎలా అనగలం?

చట్టం ఏమంటోంది?

మన దేశంలో గొలుసు స్కీములకు 1978 నుంచే నిషేధం ఉంది. ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం కింద నడిపేవారికి మూడేళ్ళ దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా. జరిమానా ఒక మనిషి ప్రవేశ రుసుముకన్నా తక్కువ. 1978 నాటి అయిదువేలు ఇప్పటికీ అయిదువేలే. 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం మాత్రం కఠినంగా ఉంది. అనుమతి లేకుండా డిపాజిట్లు తీసుకుంటే రెండు నుంచి ఏడేళ్ళ జైలు, మూడు నుంచి పది లక్షల జరిమానా. 2021 డిసెంబరులో వచ్చిన ప్రత్యక్ష అమ్మకాల నిబంధనలు కూడా గొలుసు పద్ధతిని నిషేధించాయి.

1978 చట్టంలో బాధితులకు ఒక చిక్కుంది. నడపడమే కాదు, సభ్యుడుగా చేరడం, డబ్బు కట్టడం కూడా ఆ చట్టం దృష్టిలో తప్పే. తన కింద నలుగురిని చేర్చినవాడు ఠాణాకు పోవడానికి జంకుతాడు. కంపెనీవారు ఈ భయాన్నే వాడుకుంటారు. "ఫిర్యాదు చేస్తే ముందు మీరే లోపలికి పోతారు" అని బెదిరిస్తారు. కింది వరుసలో ఉండి డబ్బు పోగొట్టుకున్నవారిని పోలీసులు సాక్షులుగా, బాధితులుగా చూడడమే వాడుక. బెదిరింపుకు లొంగి కాగితాలు చింపేసేవారే చివరకు ఎటూ కాకుండా పోతున్నారు.

రిజిస్టరు అయిన చిట్టీని దీనితో కలపకూడదు. చిట్టీలో ఇరవై మంది ఉంటే ఇరవై మందే, కొత్తవారు రానక్కరలేదు. 1982 చిట్‌ఫండ్ల చట్టం కింద ప్రతి చిట్టీకి ముందుగా అనుమతి తీసుకోవాలి. నడిపేవారి కమీషనుకు కూడా పరిమితి ఉంది. 2019 సవరణతో అది నూటికి ఏడు. ఊళ్ళో నోటిమాట మీద నడిచే చిట్టీలకు ఈ రక్షణ లేదు.

ఎక్కడికి పోవాలి?

డబ్బు కట్టి మోసపోయినవారు దగ్గరి పోలీసు స్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఫోను ద్వారా, ఆన్‌లైన్లో డబ్బు పంపి ఉంటే వెంటనే 1930 నంబరుకు చెప్పాలి. ఆలస్యమైతే డబ్బు ఖాతాలు మారిపోతుంది. ఒక కంపెనీకి డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉందో లేదో రిజర్వు బ్యాంకు 2016లో ప్రారంభించిన 'సచేత్' వెబ్‌సైటులో చూడవచ్చు, ఫిర్యాదు కూడా చేయవచ్చు. ఇంట్లో చదువుకునే పిల్లలు ఉంటే పది నిమిషాల పని.

వకీలు ఖర్చుకు భయపడేవారికి 1987 న్యాయసేవల చట్టం కింద ఉచిత సహాయం ఉంది. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఇది వర్తిస్తుంది. కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయసేవా కమిటీకి తెల్లకాగితం మీద దరఖాస్తు పెట్టుకుంటే చాలు.

రసీదులు, బాండ్లు, ఏజెంటు చేతిరాతతో ఉన్న కార్డులు, ఫోనులో వచ్చిన సందేశాలు పారేయకూడదు. అగ్రిగోల్డు బాధితులు 2021లో దరఖాస్తు చేసుకున్నప్పుడు బాండ్లు, రసీదులు, ఆధారు కార్డు, బ్యాంకు పాసుపుస్తకం చూపవలసి వచ్చింది. కంపెనీ చెల్లింపులు ఆపిన నాటికీ ఆ దరఖాస్తులకూ మధ్య దాదాపు ఏడేళ్ళు గడిచాయి.